గోధుమరంగుకు తిరిగిన పగడాలు: ఫ్రిస్కోలోని 430 లీటర్ల రీఫ్ ట్యాంక్ కేస్ స్టడీ

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక తెలుగు కుటుంబం ఇంట్లో ఉన్న, పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం ట్యాంక్ ఇది. గాజు కొలతలు 120×60×60 సెంటీమీటర్లు. రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేసి, ట్యాంక్ కింది సంప్‌లో (ఫిల్టర్ తొట్టిలో) నీళ్లు కలుపుకుంటే నికరంగా 430 లీటర్లు. కింద రాసిన మోతాదులన్నీ ఈ 430కి కట్టినవే. మీ ట్యాంక్‌కు వాడుకోవాలంటే మీ నికర లీటర్లతో మళ్లీ లెక్క వేసుకోవాలి. గాజు కొలతతో లెక్క వేస్తే మోతాదు తప్పుతుంది.

ట్యాంక్‌లో ఉన్న పగడాల్లో ఎక్కువ రాతి పగడాలే: అక్రోపోరా మిల్లెపోరా, అక్రోపోరా టెన్యూయిస్, అక్రోపోరా వాలిడా, పక్షిగూడులా పెరిగే సెరియటోపోరా, పళ్లెంలా పరుచుకునే మాంటిపోరా కాప్రికార్నిస్. చేపలు: రెండు క్లౌన్‌ఫిష్, ఒక యెల్లో టాంగ్, ఒక రాస్, చిన్న ఆంథియాస్ గుంపు. పగడాలన్నీ పెంపకంలో కోసి అమ్మిన ముక్కలే, వీటినే ఫ్రాగ్‌లు అంటారు. ఆంధ్ర, తెలంగాణల్లో చదువుతున్నవారికి ఒక మాట. మన దేశంలో రీఫ్ కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు. అక్కడ వాటిని సముద్రం నుంచి తీయడం, కొనడం, అమ్మడం నేరం. ఈ కేసులోని రసాయనం, వెలుతురు లెక్కలు ఎక్కడైనా ఒకటే, చట్టం మాత్రం ఒకటి కాదు.

సమస్య ఇది. ఊదా, నీలం, నారింజ రంగుల్లో కొన్న ఫ్రాగ్‌లు నెలలు గడిచేసరికి గోధుమరంగుకు తిరిగాయి. ఆకుపచ్చవి మాత్రమే కాస్త నిలిచాయి. ఫాస్ఫేట్ తగ్గిస్తే రంగు వస్తుందన్న సలహా విని యజమాని రియాక్టర్‌లో 300 గ్రాముల జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ను పీల్చుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) నడిపారు. నైట్రేట్ దించడానికి సీసాలో దొరికే కార్బన్ ద్రవం (నైట్రేట్‌ను తినే బ్యాక్టీరియాకు మేత) రోజుకు 12 మిల్లీలీటర్లు పోశారు. ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయింది. నైట్రేట్ మాత్రం 36 పీపీఎం (పది లక్షల్లో 36 పాళ్లు) దగ్గరే ఆగింది. పగడాలు మరింత మురికిగా మారాయి. దానికితోడు అక్రోపోరా కొసలు పాలిపోవడం మొదలైంది.

దగ్గరగా చూస్తే కనిపించింది

వెలుతురు మామూలుగా పెట్టి, పంపులు ఆపి, పది రెట్ల భూతద్దంతో గాజు మీద నుంచి టెన్యూయిస్ కొమ్మను చూశాం. కొమ్మ మొదట్లో, కింది వైపున చిక్కటి గోధుమరంగు. నడిమిన బూడిద కలిసిన గోధుమ. కొసన ఉన్న పాలిప్ (పగడపు కాలనీలోని ఒక చిన్న జీవి) చుట్టూ చర్మం పలచబడి కింది తెల్లటి అస్థిపంజరం లీలగా కనిపిస్తోంది. కొస అంచు మామూలుగా ఉండాల్సినట్టు నునుపుగా లేదు, ఎండి ముడుచుకున్నట్టుంది.

ఒకే కొమ్మ మీద రెండు గుర్తులు ఉన్నాయి. గోధుమరంగు అంటే పగడపు కణాల్లో ఉండే జూజాంథెల్లే అనే శైవలం ఎక్కువైందని అర్థం. పాలిపోవడం అంటే అదే శైవలం తగ్గిందని, లేదా చర్మమే పలచబడిందని అర్థం. పోషకాలు మొత్తంగా ఎక్కువైతే మొదటిదే ఉండాలి, మొత్తంగా తక్కువైతే రెండోదే ఉండాలి. రెండూ కలిసి వచ్చాయంటే పోషకాల మధ్య పొత్తు చెడిందని మొదట అనుమానించాలి.

మనం మెచ్చుకునే రంగులు శైవలానివి కావు, పగడం సొంతంగా తయారుచేసే ప్రోటీన్లవి. ఆకుపచ్చ, సయాన్, ఎరుపు ఎక్కువగా ఫ్లోరసెంట్ ప్రోటీన్లు. నీలి కాంతి పడితే ఇవి మెరుస్తాయి. ఊదా, నీలం, గులాబీ రంగులు క్రోమోప్రోటీన్లవి. ఇవి మెరవవు, పసుపు నారింజ కాంతిని మింగి మిగతాది వదులుతాయి. పగడానికి ఇవి ఎండ గొడుగులే. పడే నీలి కాంతి పెరిగే కొద్దీ పగడం వీటిని ఎక్కువగా తయారు చేస్తుంది. ఆకుపచ్చకు తక్కువ వెలుతురు చాలు, క్రోమోప్రోటీన్లకు ఎక్కువ కావాలి. అందుకే వెలుతురు చాలని ట్యాంక్‌లో ఆకుపచ్చ నిలిచి ఊదా పోతుంది. ఈ ట్యాంక్‌లో జరిగిందీ అదే.

పురుగుల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. అక్రోపోరాను తినే చదును పురుగు పట్టినా రంగు ఇలాగే చెడుతుంది. కొమ్మల మొదళ్లను బాస్టర్‌తో గట్టిగా ఊది, రాలినదాన్ని తెల్ల గిన్నెలో పట్టి చూశాం. ఒక ఫ్రాగ్‌ను అయోడిన్ డిప్‌లో ముంచి చూశాం. పురుగు లేదు, మొదట్లో గుడ్ల వరసలు లేవు, చర్మం మీద గుండ్రటి కాటు మచ్చలు లేవు.

మొదటి కొలతలు

ఉష్ణోగ్రత 25.5 డిగ్రీలు, స్థిరంగా ఉంది.
రిఫ్రాక్టోమీటర్ (ఉప్పు కొలిచే పరికరం) ప్రకారం లవణీయత 35 పీపీటీ (వెయ్యిలో 35 పాళ్లు).
ఆల్కలినిటీ (పగడం అస్థిపంజరం కట్టుకోవడానికి వాడే కార్బొనేట్ల నిల్వ, డీకేహెచ్‌లలో కొలుస్తారు) ఆదివారం 10.0 డీకేహెచ్, శనివారం 7.2.
నైట్రేట్ 36 పీపీఎం.
ఫాస్ఫరస్ హానా హెచ్‌ఐ736 మీటరు మీద 3 పీపీబీ (వంద కోట్లలో 3 పాళ్లు), అంటే ఫాస్ఫేట్‌గా 0.009 పీపీఎం.
పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురు కొలత) రాతి శిఖరం మీద 140, కింద 60.

ఈ మీటరు తప్పు అవకాశమే 5 పీపీబీ. కాబట్టి 3 వచ్చిందంటే సున్నా అనే అనుకోవాలి. ఈ మీటరు ఫాస్ఫరస్‌ను చూపిస్తుంది, ఫాస్ఫేట్‌ను కాదు. ఫాస్ఫేట్ కావాలంటే 3.066తో గుణించి వెయ్యితో భాగించాలి. చాలామంది ఈ మెట్టు మర్చిపోతారు.

ఐసీపీ (నీటిలోని మూలకాలన్నిటినీ కొలిచే పరీక్ష) ల్యాబ్ ఫలితం వచ్చాక అసలు లవణీయత 32.4 అని తేలింది. రిఫ్రాక్టోమీటర్‌ను ఆర్‌ఓ నీటితో సున్నాకు సరిచేశారు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న పరికరం 35 దగ్గర తప్పు చూపడం మామూలే. 35 పీపీటీ ప్రామాణిక ద్రవంతోనే సరిచేయాలి. కండక్టివిటీ మీటరు ఉంటే 25 డిగ్రీల దగ్గర 53 మిల్లీసీమెన్స్ చూపాలి.

అదే నివేదికలో లీటరుకు కాల్షియం 385, మెగ్నీషియం 1190, పొటాషియం 338 మిల్లీగ్రాములు ఉన్నాయి. చూడగానే మూడూ లోటే అనిపిస్తుంది. సీసాలు కొనడానికి పరుగెత్తే ముందు లవణీయత నిష్పత్తితో గుణించి చూడాలి. 35ను 32.4తో భాగిస్తే 1.08. కాల్షియం 416, మెగ్నీషియం 1285 అవుతాయి. రెండూ సరిపోతాయి. పొటాషియం మాత్రం 365. సముద్రంలో 400 దగ్గర ఉంటుంది కాబట్టి నిజమైన లోటు అదొక్కటే. అదీ 62 కాదు, 35.

సరిచేసిన వరస

ఈ కేసులో ముఖ్యమైనది వరస. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తారుమారైతే అవే మందులు పగడాలను చంపుతాయి. ముఖ్యంగా ఫాస్ఫేట్ లేని పగడం మీద వెలుతురు పెంచకూడదు.

లవణీయతతో మొదలుపెట్టాం. ట్యాంక్‌లో రోజుకు 4 లీటర్లు ఆవిరవుతాయి. ఆ లోటును మంచినీటితో కాకుండా 35 పీపీటీ ఉప్పునీటితో పూడ్చారు. లీటరుకు 35 గ్రాముల చొప్పున నాలుగు లీటర్ల ఉప్పు 430 లీటర్లలో కలిస్తే రోజుకు 0.33 పెరుగుతుంది. ఎనిమిది రోజుల్లో 32.4 నుంచి 35కు చేరింది. ఒక్కసారిగా ఉప్పు కలిపి ఎక్కించడం పగడాలకు, నత్తలకు ప్రమాదం.

తర్వాత పొటాషియం. లోటు లీటరుకు 35 మిల్లీగ్రాములు, 430 లీటర్లకు 15 గ్రాముల పొటాషియం. పొటాషియం క్లోరైడ్‌లో పొటాషియం 52.4 శాతం కాబట్టి మొత్తం 28.6 గ్రాములు కావాలి. రోజుకు లీటరుకు 10 మిల్లీగ్రాములకు మించి పెంచకూడదని రోజుకు 8.2 గ్రాములు మూడు రోజులు, నాలుగో రోజు 4 గ్రాములు వేశారు. లీటరు ఆర్‌ఓ నీటిలో కరిగించి, పంపు ప్రవాహంలో సన్నగా పోయాలి.

ఉప్పు పెట్టె మార్చాల్సి వచ్చింది. అప్పటిదాకా వాడిన మిశ్రమం 35 పీపీటీ దగ్గర 12 డీకేహెచ్ ఇస్తోంది. వారానికి 15 శాతం నీళ్లు మార్చినప్పుడల్లా ఆల్కలినిటీ సుమారు 0.7 ఎగబాకుతోంది. దాని మీద యజమాని ఆదివారం ఆల్కలినిటీ ద్రవాన్ని చేత్తో ఒకేసారి పోస్తున్నారు. వారంలో 2.8 డీకేహెచ్ ఊగిసలాట అంటే పగడానికి వారానికో కొత్త ట్యాంక్ ఇచ్చినట్టే. ఫాస్ఫేట్ సున్నాగా ఉన్న ట్యాంక్‌లో ఆల్కలినిటీ 10కి చేరితే కొసలు కాలతాయి, ఎందుకంటే అస్థిపంజరం పెరిగే వేగాన్ని చర్మం అందుకోలేదు. భూతద్దంలో కనిపించిన ముడుచుకున్న అంచు దానిదే.

8 డీకేహెచ్ దగ్గర కలిసే ఉప్పుకు మారి, నీటి మార్పిడి వారానికి 10 శాతం చేశాం. డోసింగ్ పంపుకు రెండు ద్రవాలు కట్టాం: లీటరుకు 100 గ్రాముల అన్‌హైడ్రస్ సోడా యాష్, ఇంకో సీసాలో లీటరుకు 138 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్. ఈ నిష్పత్తిలో రెండూ సమానమైన మిల్లీలీటర్లు పోయాలి, లెక్క తేలిక. 430 లీటర్లలో 1 డీకేహెచ్ పెరగాలంటే 8.1 గ్రాముల సోడా యాష్ కావాలి. మొదట్లో ట్యాంక్ రోజుకు 0.4 డీకేహెచ్ మాత్రమే వాడుకుంటోంది, కాబట్టి రోజుకు 33 మిల్లీలీటర్లు, 24 భాగాలుగా. సోడా యాష్ గంట కొట్టగానే, కాల్షియం అరగంట తర్వాత పడేలా పెట్టాం. రెండూ ఒకచోట ఒకేసారి పడితే తెల్లగా గడ్డకట్టి పంపుల్లో పేరుకుంటుంది. లక్ష్యం 8.0, తేడా 0.2 లోపు.

మంచినీటి సంగతి ఒకటి ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, అలెన్ వాసులకు ప్రత్యేకం. అక్కడి నీళ్లు నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఇస్తుంది, అందులో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్రిమిసంహారకం) ఉంటుంది. ఆర్‌ఓ ఫిల్టర్‌లోని మామూలు కార్బన్ బ్లాక్ క్లోరిన్‌ను తీసేసినా అమ్మోనియా మిగులుతుంది. దాన్ని ఆర్‌ఓ మెంబ్రేన్ పూర్తిగా ఆపలేదు, మిగిలిన అయాన్లను పట్టే డీఐ రెసిన్ తొందరగా అయిపోతుంది. కార్బన్ అరిగిపోతే క్లోరమైనే దాటిపోతుంది, దాన్ని టీడీఎస్ మీటరు చూపించదు. ఈ ఇంట్లో కార్బన్ తర్వాతి నీటిలో టోటల్ క్లోరిన్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. క్యాటలిటిక్ కార్బన్ బ్లాకులు రెండు వరసగా పెట్టాక సున్నా అయింది. ఏటా వసంతం ముందు, మార్చి ప్రాంతంలో, ఆ సంస్థ కొద్ది వారాలు క్లోరమైన్ ఆపి నేరుగా క్లోరిన్ వాడుతుంది. ఆ రోజుల్లో కార్బన్ మీద భారం మారుతుంది కాబట్టి ముందు, తర్వాత పరీక్ష చేసుకోవాలి.

ఫాస్ఫేట్, నైట్రేట్: అసలు చిక్కు

నైట్రేట్ 36 దగ్గర ఎందుకు ఆగిందో చాలామందికి అంతుపట్టదు. కార్బన్ ద్రవం తాగి పెరిగే బ్యాక్టీరియా నైట్రేట్‌ను తనలో కట్టుకుంటుంది, స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే పరికరం) దాన్ని బయటికి తోస్తుంది. కానీ ఆ బ్యాక్టీరియాకూ ఫాస్ఫరస్ కావాలి. జీఎఫ్‌ఓ దాన్ని ముందే లాగేసింది. యూరియా మాత్రమే చల్లి డీఏపీ వేయని పొలం ఎలా ఉంటుందో ట్యాంక్ అలా ఉంది. జూజాంథెల్లేకు నత్రజని పుష్కలంగా అందుతోంది, ఫాస్ఫరస్ లేదు. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో యోర్గ్ వీడెన్‌మన్ బృందం 2013లో ప్రచురించిన పని సరిగ్గా ఈ పరిస్థితి మీదే. నైట్రేట్ ఎక్కువై ఫాస్ఫేట్ కరువైతే శైవలం కణ పొరలు బలహీనపడి, వేడి, వెలుతురు తగిలినప్పుడు పగడం బ్లీచ్ అవుతుంది. అంటే ఈ ట్యాంక్‌కు కావాల్సింది ఫాస్ఫేట్ తగ్గించడం కాదు, పెంచడం.

మొదటి వారం జీఎఫ్‌ఓ సగం తీశాం, రెండో వారం పూర్తిగా. ఒకేసారి తీసేస్తే తర్వాత ఏం జరిగినా దేనివల్ల జరిగిందో చెప్పలేం. ఆహారం పెంచాం: ఆంథియాస్‌కు రోజుకు రెండు పూటలు మైసిస్ అనే చిన్న రొయ్యలు, టాంగ్‌కు రోజూ నోరి (ఎండు సముద్రపు నాచు) ముక్క. అయినా మీటరు 5 దాటలేదు.

అప్పుడు ఫుడ్ గ్రేడ్ ట్రైసోడియం ఫాస్ఫేట్ డోడెకాహైడ్రేట్ వాడాం. ఇందులో ఫాస్ఫేట్ నాలుగో వంతు. 5.2 గ్రాములు లీటరు ఆర్‌ఓ నీటిలో కరిగిస్తే, 10 మిల్లీలీటర్ల ద్రావణంలో 13 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ ఉంటుంది. 430 లీటర్లలో అది 0.03 పీపీఎం. రోజుకు ఒకసారి 10 మిల్లీలీటర్లు పోసి, 24 గంటల తర్వాత కొలవాలి.

మొదటి రోజుల్లో మర్నాడు కొలిస్తే అంకె దాదాపు కదల్లేదు. ఇది సహజం. అరగొనైట్ అనే సున్నపు ఖనిజంతో ఉన్న రాళ్లు, ఇసుక ఫాస్ఫేట్‌ను తమ ఉపరితలం మీదికి లాక్కుంటాయి. అవి నిండేదాకా నీటిలో నిలవదు. ఇక్కడే చాలామంది ఓపిక పోయి మోతాదు మూడింతలు చేస్తారు. రాళ్లు నిండిన రోజున అది ఒక్కసారిగా నీటిలో నిలిచిపోతుంది, ట్యాంక్ నాచుతో నిండుతుంది. మోతాదు పెంచకుండా ఆగాం. మూడో వారానికి 14 పీపీబీ, ఐదో వారానికి 20, అంటే ఫాస్ఫేట్ 0.06 పీపీఎం. అక్కడితో డోసింగ్ ఆపాం, ఆహారమే దాన్ని నిలబెట్టింది. గాజు మీద గోధుమరంగు పొర వచ్చింది. అయస్కాంతంతో తుడిచి వదిలేశాం, మందులు వేయలేదు.

కార్బన్ ద్రవం మోతాదును ఈ మధ్యలో ఒక చుక్క కూడా మార్చలేదు. అయినా ఫాస్ఫరస్ 10 దాటగానే నెలలుగా కదలని నైట్రేట్ దిగడం మొదలైంది. స్కిమ్మర్ కప్పు ముదురు రంగు బురదతో నిండసాగింది. నాలుగో వారం 22, ఎనిమిదో వారం 9. ఈ దశలో ఎవరైనా సంతోషంలో పరీక్షలు ఆపేస్తారు, ప్రమాదం అక్కడే ఉంది. తొమ్మిదో వారం 2కు పడింది, టెన్యూయిస్ మళ్లీ పాలిపోయింది. కార్బన్ మోతాదును 12 నుంచి 4 మిల్లీలీటర్లకు దించగానే నైట్రేట్ 5, 6 మధ్య కుదురుకుంది.

పాలిపోయిన ఆ రోజుల్లో టెన్యూయిస్ నీలి కాంతిలో లేత పాస్టెల్ రంగులో చాలా అందంగా కనిపించింది. దీన్ని మెచ్చుకోవడం తప్పు. శైవలం తగ్గినప్పుడు తెల్లటి అస్థిపంజరం నుంచి కాంతి తిరిగి కణాల్లోకి చిమ్ముతుంది, దాంతో పగడం రంగు ప్రోటీన్లు ఇంకా ఎక్కువ చేస్తుంది. రంగుల బ్లీచింగ్ అని పిలిచే ఈ చక్రాన్ని 2020లో అదే సౌతాంప్టన్ బృందం వివరించింది. మెరుపు కోసం పగడాన్ని ఆకలితో ఉంచే పద్ధతిని మేం సమర్థించం. ఆకలిగొన్న పగడం రెండు డిగ్రీల వేడిని కూడా తట్టుకోదు. టెక్సస్ వేసవిలో ఏసీ ఒక పూట ఆగితే ఆ ట్యాంక్ మిగలదు.

వెలుతురు చివర్లో

పోషకాలు కుదిరాకే దీపాలు ముట్టుకున్నాం. ఉన్నవి రెండు రేడియన్ ఎక్స్‌ఆర్30 ఎల్‌ఈడీ దీపాలు. అపోజీ ఎంక్యూ-510 మీటరుతో పది సెంటీమీటర్ల గళ్లుగా పార్ పటం గీశాం. పాత ఎంక్యూ-200 మీటరు నీలి ఎల్‌ఈడీ కాంతిని తక్కువగా చూపిస్తుంది. దాన్ని నమ్మి దీపాలు పెంచితే పగడాలు కాలిపోతాయి.

లక్ష్యం అక్రోపోరా దగ్గర 280 నుంచి 320, మాంటిపోరా దగ్గర 200. వారానికి 15 పార్ చొప్పున పెంచాం, రెండున్నర నెలలు పట్టింది. పూర్తి వెలుతురు రోజుకు 8 గంటలు, ఎక్కడానికి దిగడానికి చెరో గంటన్నర. తెల్ల ఛానల్ తగ్గించి నీలం, రాయల్ బ్లూ, వయొలెట్ పెంచాం. కొమ్మల కింది గోధుమరంగు మాత్రం ఎల్‌ఈడీలతోనే పోదు, ఎందుకంటే కాంతి ఒకే బిందువు నుంచి వచ్చి గట్టి నీడ వేస్తుంది. ముందు, వెనుక చెరో 54 వాట్ల ఏటీఐ బ్లూ ప్లస్ టీ5 ట్యూబ్ కట్టాక నీడలు పలచబడ్డాయి. ఈ ట్యూబులు ఏడాదికోసారి మార్చాలి.

రంగు చూడ్డానికి, ఫొటో తీయడానికి నీలి కాంతి పనికిరాదు. నీలి కాంతిలో ఫ్లోరసెన్స్ ఒక్కటే అరుస్తుంది, క్రోమోప్రోటీన్ నల్లగా కనిపిస్తుంది. వారానికోసారి తెల్ల కాంతిలో, ఒకే చోటి నుంచి, గ్రే కార్డుతో వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి తీసిన ఫొటోలతోనే ఇక్కడి ఫలితాలు అంచనా వేశాం.

ఏది ఎప్పుడు మారింది

సెరియటోపోరా అన్నిటికంటే ముందు కదిలింది. ఫాస్ఫేట్ 0.06కు చేరిన వారాల్లోనే కొసలు గులాబీకి తిరిగాయి. మాంటిపోరా పెరిగే అంచున సన్నటి నారింజ గీత ముందు కనిపించింది, తర్వాత అది లోపలికి పాకింది. పాత చర్మం మళ్లీ రంగు పట్టడానికి చాలా ఎక్కువ కాలం పట్టింది. మిల్లెపోరా ఆకుపచ్చ చిక్కబడింది, కానీ దాని పాలిప్‌ల చివర గులాబీ రంగు 250 పార్ దాటాకే వచ్చింది. టెన్యూయిస్ ఊదా కొసలు అన్నిటికంటే ఆలస్యం, ఐదో నెలలో. ఆరో నెలకు ట్యాంక్ రోజుకు 1.1 డీకేహెచ్ వాడుకుంటోంది, రెండు ద్రవాలు చెరో 90 మిల్లీలీటర్లు. రంగు కంటే ముందు ఈ అంకె పెరగడం మొదలైంది. పగడం కోలుకుంటోందా అని తెలియాలంటే ఫొటో కంటే ఆల్కలినిటీ వాడకమే నమ్మదగిన గుర్తు.

అయోడిన్ మొదటి ఐసీపీలో అసలు కనిపించలేదు. సీసాతో పోయకుండా ఉప్పు మార్చి, నీటి మార్పిడి కొనసాగించాం. రెండో ఐసీపీలో లీటరుకు 41 మైక్రోగ్రాములు వచ్చింది. సముద్రంలో 60 దగ్గర ఉంటుంది కాబట్టి దాన్ని అలాగే వదిలాం.

వాలిడా మాత్రం మారలేదు. అది రాతి చూరు కింద, 90 పార్‌లో, రాతికి అతుక్కుని పెరిగిన కాలనీ. కదిపితే విరుగుతుంది. దాని నుంచి 3 సెంటీమీటర్ల ముక్క కోసి, జిగురుతో డిస్క్‌కు అంటించి, ముందు 150 పార్ చోట రెండు వారాలు, తర్వాత 200, చివరికి 280 చోట పెట్టాం. తల్లి కాలనీ అవే నీళ్లలో గోధుమగానే ఉంది. ముక్క కొస ఊదాకు తిరిగింది. రాళ్లు తిరగపెట్టేదాకా తల్లి కాలనీ అక్కడే ఉంటుంది, దాని పై చూరులో ఒక అంచును ఉలితో తగ్గించి ఇంకాస్త వెలుతురు పడేలా చేశాం.